ఆపరేషన్ తెల్ల చిరుత

జగిత్యాల మామిడి మార్కెట్‌లో కాయను ముక్కు దగ్గర పెట్టి వాసన చూడని మనిషంటేనే జనానికి అనుమానం. ఆ సంగతి తెలిసినవాడు కనుక మహిపాల్ ఓ బంగినపల్లిని పట్టుకుని గట్టిగా వాసన చూశాడు. ఎదురుగా తలకు తువ్వాల చుట్టుకుని కాయలు ఏరుతున్న ఆడమనిషి అతను పనిచేసే రహస్య విభాగానికి చీఫ్, సరోజన. ఢిల్లీలో ఆమె గదిలోకి వెళ్లాలంటే వేలిముద్ర కావాలి. ఇక్కడ ఆ వేళ్లకే మామిడి సొన అంటుకుని ఉంది.

“కాయ గట్టిగున్నది,” అన్నాడు మహిపాల్.

“గడ్డిల ఏస్తె పండుతది,” అంది సరోజన.

కోడ్ సరిపోయింది. నిజానికి ఆ మార్కెట్‌లో ఎవరిని కదిపినా అదే జవాబు వస్తుంది. ఈ కోడ్ రాసినవాడు జన్మలో మామిడికాయ కొని ఉండడని మహిపాల్ లోపల తిట్టుకున్నాడు.

సరోజన గంపలో గడ్డి పక్కకు జరిపింది. అడుగున ఫోను, ఫోనులో ఒక ఫోటో. బండ మీద చిరుత. పాలలో ముంచి తీసినట్టు తెల్లటి చిరుత. ఒంటి మీద మచ్చలు కూడా లేత బూడిద రంగులో ఉన్నాయి.

“ఇది నిజమేనా మేడం?”

“లోకమంతా నిజమే అంటున్నది. విక్టర్ గూడ.”

మహిపాల్ చేతిలో కాయ కదలకుండా ఆగిపోయింది. విక్టర్ పేరు విన్నవాళ్లు అలాగే ఆగిపోతారు. అరుదైన జంతువులను చంపి, వాటి తోళ్లను విదేశీ శ్రీమంతుల గోడలకు చేర్చే ముఠా అతనిది. ఈసారి డాక్యుమెంటరీ తీస్తామంటూ టీవీ మనుషుల వేషంలో దిగాడు.

“గైడ్ ఎవరు?”

“సంపత్. కోరుట్లల పెండ్లి ఫోటోగ్రాఫర్. ఈ ఫోటో తీసింది ఆయనే. నిన్న వాళ్ల కారు ఎక్కిండు. పోయినేడు విక్టర్‌కు తొవ్వ చూపిన గైడ్ అడవిలనుంచి మళ్ల రాలేదు మహిపాల్. సాక్షులను మిగిల్చే అలవాటు లేదు ఆయనకు.”

“శ్వేత ఉంది కదా?”

సరోజన గంపలో గడ్డి మళ్లీ సర్దింది. శ్వేత ఆ ముఠాలో ఫోటో ఎక్స్‌పర్ట్. ఏ ఫోటో అసలుదో, ఏది ఎడిట్ చేసిందో ఆమె తేల్చి చెప్పనిదే విక్టర్ విమానం ఎక్కడు. అదే శ్వేత రెండేళ్లుగా ఈ విభాగం మనిషి కూడా.

“పొద్దున ఒక్క మెసేజ్ పెట్టింది. వేట ఇయ్యాలనే, పొద్దుగూకకముందే అని. యాడ అన్నది చెప్పలే. అటెన్క సప్పుడు లేదు. ఇప్పుడు ఎవరి మనిషో నాకు తెల్వదు. కలిస్తె ‘ఫోటోల ఎండ ఎక్కువైంది’ అను. ‘నీడ మీరే తేవాలి’ అంటె ఇంకా మనదే.”

“పోలీసులను పంపితే?”

“ఖాకీ బట్ట కనబడ్డదంటె మొదటి గుండు సంపత్‌కే. ముందు చోటు పట్టుకో. మనోళ్లు బోయినపల్లిల రెడీగ ఉంటరు.” ఆమె అతని చేతిలో ఓ అత్తరు సీసా పెట్టింది. “మూత రెండుసార్లు నొక్కు. నువ్వున్న చోటు వాళ్లకు తెలుస్తది.”

*

కోరుట్లలో దిగేసరికి మహిపాల్ మస్కట్ నుంచి వచ్చిన మనిషయ్యాడు. మెడలో మందపాటి గొలుసు, నల్లద్దాలు, నాలుగిళ్ల దాకా కొట్టే అత్తరు. ఆ ఊళ్లో అంతకన్నా కనబడని వేషం లేదు. వీధికొకడు అట్లాంటివాడు ఉంటాడు.

సంపత్ స్టూడియోలో అతని భార్య వనిత కంప్యూటర్ ముందు ఉంది. కూర్చుందనడానికి లేదు. లేచి రోడ్డు చూస్తుంది, కూర్చుంటుంది, ఫోను తీసి చూస్తుంది, మళ్లీ లేస్తుంది. కుడి చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. తెర మీద పెళ్లికూతురు. ఒక్క బటన్ నొక్కగానే ఆ చామనఛాయ పిల్ల మీగడలా తెల్లబడింది.

“ఏంది చెల్లె గా మాయ?” అన్నాడు మహిపాల్.

“పెండ్లిపిల్ల ప్రీసెట్ అన్నా. నేనే తయారు చేసిన. ఎఫ్ టూ నొక్కితె ఎంత ఎండల తీసిన మొకమైనా తెల్లగైతది. మా దిక్కు పిల్ల తెల్లగ కొట్టకుంటె ఆల్బమ్ ముట్టరు. పిల్ల మంచిగనే ఉంటది. గీ జనాలకు చెప్పేదెవలు?” ఆమె మళ్లీ ఫోను చూసుకుంది. “నీకేం గావాలె?”

మహిపాల్ చిరుత ఫోటో చూపించాడు. “గిది మీరు తీసిందేనట గద.”

వనిత చెయ్యి మౌస్ మీద ఆగింది.

“నువ్వెవలన్నా?”

“మస్కట్ నుంచి అచ్చిన. మా పెండ్లి ఆల్బమ్...”

“మస్కటోళ్లు చిరుతపులి ముచ్చట అడుగరు. నిన్న ఒకామె గిట్లనే అడుగుకుంట అచ్చింది. నల్లద్దాలు, మంచి చీరె, మస్తు సెంటు. టీవోళ్లమన్నది. మా ఆయన సంబరంగ కారెక్కిండు. అప్పటిసంది ఫోన్ బంద్.” ఆమె లేచి మళ్లీ రోడ్డు వైపు చూసింది. “నా పానం కొట్టుకుంటున్నదన్నా. నిజం చెప్పు.”

అబద్ధమాడటం మహిపాల్ వృత్తి. ఆ కళ్ల ముందు మాత్రం అతనికి చేతకాలేదు. అద్దాలు తీసి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వాళ్లు టీవీ వాళ్లు కారు. తెల్ల చిరుత తోలు కోసం వచ్చారు. పొద్దు గూకేలోగా చోటు తెలియకపోతే సంపత్ ప్రాణానికి గండం.

వనిత ఏడవలేదు. అతని మొహంలోకి అదోలా చూసింది.

“తెల్ల చిరుత యాడిదన్నా?”

ఆమె మరో ఫైల్ తెరిచింది. అదే బండ, అదే చిరుత. కెమెరాలో పడ్డ అసలు ఫోటో. కాస్త చీకటిగా ఉంది. చిరుత మాత్రం పసుప్పచ్చగా, నల్లటి మచ్చలతో, ఏ బడి పుస్తకంలోనైనా ఉండే చిరుతలాగే ఉంది.

“పెండ్లి ఫోటోలున్న ఫోల్డర్లనే దీన్నీ ఏసిండు. సీజన్ గద, నేను చూసుకోలే. అన్నిటితోని దీని మీద గూడ ఎఫ్ టూ కొట్టిన. బయటికచ్చినంక చూసి ఇద్దరం పడిపడి నవ్వినం. నవ్వులాటకు వాట్సాప్ స్టేటస్ పెట్టిన. గది లోకమంత తిరిగింది.”

ఢిల్లీలో ఓ కమిటీ ఆ తెల్లదనానికి జన్యు కారణాలు వెతుకుతోంది. కారణం కోరుట్లలో, ఎఫ్ టూ బటన్ కింద ఉంది. మహిపాల్‌కు నవ్వు తన్నుకొచ్చింది. వచ్చినంత వేగంగానే ఆగిపోయింది. సముద్రాలు దాటి వచ్చిన విక్టర్ ముందుకు పసుపు చిరుత వచ్చి నిలబడితే, మోసపోయానన్న కోపం ఎవరి మీద తీర్చుకుంటాడు?

వనితకూ అదే తట్టింది. “అన్నా, నా చేతులతోని నేనే...” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏడ తీసిండో చెప్పిండా?”

“గుట్టలల్ల అన్నడు, గంతే. తెలిస్తె జనం పోయి పులిని సతాయిస్తరని నాకు గూడ చెప్పలే.”

“ఫోటోలనే ఎతుకుదాం. అసలు రంగులు తెప్పియ్యి.”

బండ కింద మక్కచేను ఉంది. అడవి పందులు రాకుండా రైతులు చుట్టూ చీరలు కట్టిన కంచె ఉంది. ప్రీసెట్ కొట్టిన ఫోటోలో ఆ చీరలు వెలిసిపోయి మజ్జిగ రంగులో ఉన్నాయి. అసలు ఫైల్‌లో సాయంత్రం నీడ పడి నీలంగా ఉన్నాయి. రెండూ అబద్ధాలే. వనిత ఎక్స్‌పోజర్ పెంచి వెలుతురు తెచ్చింది. నీడలు విచ్చుకున్నాయి. రంగు కుదరాలంటే ఫోటోలో నిజంగా తెల్లగా ఉన్న వస్తువొకటి దొరకాలి. దాన్ని తెలుపని చూపిస్తే మిగతా రంగులు వాటంతటవే సర్దుకుంటాయి. కంచెకు వేలాడుతున్న యూరియా సంచి మీద క్లిక్ చేసింది. ఆకాశం ఊదా రంగుకు తిరిగింది.

“సంచి పాతది. ఎండకు పసుపువట్టింది,” అని గొణిగి దాన్ని తీసేసింది.

చేను గట్టు మీద కొంగ ఉంది. ఎండ పడి ఉట్టి తెల్ల మచ్చలా, ఫోటోవాళ్ల మాటలో చెప్పాలంటే కాలిపోయి ఉంది. వనిత వెలుతురు తగ్గిస్తూ పోయింది. మహిపాల్ కిటికీ బయట ఎండను చూశాడు, గడియారం చూశాడు, గోడకున్న పెళ్లికొడుకులను చూశాడు. మెల్లగా మచ్చలోంచి రెక్క బయటపడింది. రెక్కలో ఈకల గీతలు లేచాయి. ఆమె ఆ ఈక మీద క్లిక్ చేసింది.

ఫోటో మొత్తం ఒక్కసారి కదిలి కుదురుకుంది. చీరలు పాచి పట్టిన నీళ్లలో ఆవపిండి కలిపినట్టున్న రంగుకు వచ్చాయి.

వనిత లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. “గిది మా తమ్ముడు పాడుచేసిన రంగు!”

ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. తమ్ముడికి మరమగ్గాలున్నాయి. చిలకపచ్చ అద్దకం వేయబోయి ఏది ఎక్కువ కలిపాడో, చీరలన్నీ ఈ రంగుకు తిరిగాయి. ఊరంతా నవ్వింది. ఒక్క దుకాణమూ తీసుకోలేదు.

“గీ రంగు చీరె భూమ్మీద ఇంకోటి లేదన్నా. ఎవలు తీసుకపోయిండ్రో మా అవ్వకు ఎరుకుంటది.”

*

వనిత తల్లి ఫోను ఎత్తలేదు. మగ్గాల చప్పుడులో ఫోను ఎవరికి వినబడుతుంది? దారి పొడుగునా వనిత మోగిస్తూనే ఉంది. మహిపాల్ కారును తోలలేదు, తరిమాడు.

సిరిసిల్లలో షెడ్డు గుమ్మంలోనే వనిత తల్లి పోశవ్వ ఎదురైంది. వెనక మగ్గాలు దడదడలాడుతున్నాయి. ఏం మాట్లాడినా అరవాల్సిందే.

“అల్లుడు రాలేదా బిడ్డా?”

“పని మీద పోయిండవ్వా!” అని వనిత అరిచింది. నవ్వు తెచ్చుకుని మరీ అరిచింది. ఆ నవ్వు చూడలేక మహిపాల్ తల తిప్పుకున్నాడు.

“గీ సారెవలు? కూసోమను. సర్వపిండి ఏడిగున్నది.”

“వద్దవ్వా. గా పాడైన రంగు చీరెలు ఎవలు తీసుకపోయిండ్రు?”

“గా రంగు ముచ్చట నా ముంగట తియ్యకు!” అంది పోశవ్వ. తరువాత ఆమే తీసింది. కొడుకు అజాగ్రత్త, దుకాణదారుల ఎగతాళి, పక్కింటివాళ్ల ఓదార్పు, అన్నీ చెప్పింది. సర్వపిండి నోట్లో పెట్టుకుని మహిపాల్ ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. చివరకు అసలు మాట వచ్చింది.

“కొడిమ్యాల లసుమవ్వ తీసుకపోయింది. మనుషులు కట్టకుంటె ఏమాయె, మక్కచేనుకు కడుత, పందులన్న బెదురుతయన్నది. గుట్ట కింద చేను.”

మహిపాల్ అప్పటికే కారు దగ్గరున్నాడు. వెనకే పోశవ్వ పరుగెత్తుకొచ్చి వనిత చేతిలో పొట్లం పెట్టింది.

“అల్లునికియ్యి. గాయనకు మస్తిష్టం.”

ఏ గుట్టో కళ్లారా చూశాకే బోయినపల్లివాళ్లకు కబురు పెట్టాలనుకున్నాడు మహిపాల్; తప్పు చోట వాళ్లు కనబడితే సంపత్ మిగలడు. దారంతా వనిత ఆ పొట్లాన్ని ఒడిలో పట్టుకుని ఏడ్చింది. మహిపాల్ కారు వేగం పెంచాడు.

*

గుట్ట మలుపులో కారాపి, మహిపాల్ ఆమెను లోపలే ఉండమన్నాడు. వనిత తల ఊపింది. ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు.

పాచి రంగు చీరల కంచె పొడుగునా గాలికి ఊగుతోంది. దాని చాటున వంగి నడుస్తూ మహిపాల్ అత్తరు సీసా మూత నొక్కాడు. ఎర్ర లైటు వెలిగింది. సిగ్నల్ లేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఎరుపే. కొడిమ్యాల గుట్టల్లో సెల్‌ఫోనే పలకదు, అత్తరేం పలుకుతుంది?

ఇప్ప చెట్టు కింద జీపు, అందులో డ్రైవర్. కాస్త ముందు సంపత్, మెడలో కెమెరా అలాగే వేలాడుతుండగా, మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డకట్టింది. పక్కనే ఎండకు కమిలి ఎర్రబడ్డ విక్టర్, రైఫిల్ బండ వైపు గురిపెట్టి ఉన్నాడు.

“ఎవల్రా నా చేన్ల?” అంటూ మహిపాల్ గొలుసు సర్దుకుంటూ బయటికొచ్చాడు.

విక్టర్ కనుసైగ చేశాడు. నల్లద్దాల శ్వేత నవ్వుతూ ఎదురొచ్చింది. ఆ ఎండలో, ఆ గడ్డిలో కూడా చీర కుచ్చిళ్లు చెదరలేదు.

“ఫోటోల ఎండ ఎక్కువైంది,” అన్నాడు మహిపాల్ నెమ్మదిగా.

“నీడ మీరే తేవాలి.” నవ్వు చెరగకుండానే గొంతు తగ్గించింది. “టీమ్ ఏది?”

“సిగ్నల్ లేదు.”

“అయితే ఆగండి. విక్టర్ తుపాకీ పేల్చాలి. పేల్చకపోతే వాడు టూరిస్టే. కేసు నిలవదు.”

“ఆ చిరుత తెల్లది కాదు.”

“తెలుసు. ఫోటో చూడగానే తెలిసింది. రంగు మార్చినప్పుడు పడే తెల్ల అంచు మీసాల వెంట కనబడుతూనే ఉంది. ఎడిటింగ్ అని చెబితే వీడు ఇండియాకు వచ్చేవాడా? అందుకే అసలుదని సర్టిఫై చేశాను.”

“మరి సంపత్?”

శ్వేత కళ్లద్దాలు సర్దుకుంది. మహిపాల్‌కు ఒళ్లు మండిపోయింది. పులిని పట్టడానికి మేకను కట్టేస్తారని వినడమే. ఇక్కడ కట్టేసింది మనిషిని, కట్టింది తమ సొంత విభాగం.

అప్పుడే బండ మీదికి చిరుత వచ్చింది. వాలే ఎండలో పసుప్పచ్చగా మెరుస్తూ, తన ఇంటి అరుగు మీదికి వచ్చినట్టు వచ్చి కూర్చుంది. సంపత్ ఆ స్థితిలోనూ ఊపిరి బిగబట్టి చూశాడు.

విక్టర్ స్కోప్‌లో చూశాడు. కన్ను తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

“నువ్వు అసలుదన్నావు,” అన్నాడు ఇంగ్లీషులో.

శ్వేత రెప్ప వేయలేదు. “వీడు మోసం చేశాడు. నన్ను కూడా,” అని సంపత్ వైపు వేలు చూపించింది.

రైఫిల్ గొట్టం సంపత్ గుండె మీదికి తిరిగింది. మహిపాల్ ఎంత దూకినా అందనంత దూరం. అయినా కాళ్లు బిగించాడు.

ఆ క్షణంలోనే కంచె చర్రున చిరిగింది. వనిత చీరల మధ్యనుంచి దూసుకొచ్చింది.

“ఆయన గాదు! నేను! పులిని తెల్లగ చేసింది నేను! కాల్చేదుంటె నన్ను కాల్వు!”

“వనితా! నువ్వెందుకచ్చినవే?” అని సంపత్ ఏడుపు గొంతుతో అరిచాడు.

విక్టర్‌కు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ట్రిగ్గర్ మీద వేలు తీయకుండానే శ్వేతను అడిగాడు. “ఏమంటోంది ఈమె?”

ఉన్నదున్నట్టు చెబితే వనిత పోతుంది. మౌనంగా ఉంటే సంపత్ పోతాడు. శ్వేత వనిత వైపు చూసింది. ఆమె కళ్లద్దాలు తీయడం మహిపాల్ అప్పుడే చూశాడు. కళ్లలో నీళ్లున్నాయి.

“తెల్ల చిరుత మీ వెనకాలే ఉందంటోంది,” అంది ఇంగ్లీషులో.

విక్టర్ తిరిగి చూశాడు. ఎన్ని దేశాల పోలీసులకు చిక్కనివాడైనా ఆ మాటకు తిరగకుండా ఉండలేకపోయాడు. మహిపాల్ అమాంతం అతని మీద పడ్డాడు. తుపాకీ ఆకాశంలోకి పేలింది. చిరుత ఒక్క దూకులో గుట్ట అవతలికి మాయమైంది. డ్రైవర్ జీపును గుడ్డిగా వెనక్కి పోనిచ్చి కంచెలో దూరాడు. సిరిసిల్ల చీరలు చక్రాలకు చుట్టుకుని జీపును అక్కడే నిలబెట్టేశాయి.

తుపాకీ చప్పుడుకు పక్క చేలలో మక్కలు విరుస్తున్న వాళ్లంతా కొడవళ్లతో వచ్చేశారు. ముందు లసుమవ్వ.

“నా కంచె చింపిందెవడు?” అంది.

మహిపాల్ విక్టర్‌ను చూపించాడు. అంతకంటే బలమైన ఆధారం లసుమవ్వ అడగలేదు. ఆ చీరలతోనే విక్టర్‌నూ డ్రైవర్‌నూ ఇప్ప చెట్టుకు కట్టించింది. తుపాకీ పేలింది కనుక కేసు కూడా నిలిచింది.

వనిత సంపత్ మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తరువాత లేచి శ్వేత ముందుకొచ్చి నిలబడింది.

“కంచె సాటుంగ మీ ముచ్చట ఇన్న. పులి తెల్లది గాదని నీకు ముందుగాలనే ఎరుకేనా?”

“ఎరుకే,” అంది శ్వేత. ఆమె నోట ఆ మాట అలవాటు లేనట్టు పలికింది. “క్షమించమని అడగను.”

“అడగకు. మా ఆయనను మేకను కట్టేసినట్టు కట్టేసినవ్. బతికినన్నొద్దులు యాదుంచుకుంట. ఆఖరుకు గా ఒక్క మాట మంచిగ చెప్పినవ్. గందుకే కొడుతలేను.”

శ్వేత తల దించుకుని జీపు వైపు నడిచింది.

మహిపాల్ బండ ఎక్కాడు. చిరుత కూర్చున్న చోట నిలబడితే సిగ్నల్ ఓ గీత దొరికింది. బోయినపల్లికి కబురు పోయింది. సంపత్, వనిత కూడా బండ ఎక్కారు. విక్టర్ సంచిలో దొరికిన తన ఫోనును సంపత్ ఆన్ చేశాడో లేదో, అది మోగింది. మేడిపల్లి నుంచి కిష్టయ్య. ఆ సాయంత్రమే అతని కూతురి హల్దీ.

“యాడున్నవ్ర సంపత్? పిల్ల పసుపు పూసుకోని కూసున్నది!”

“కిష్టయ్య మామా, నన్ను కిడ్నాప్ చేసిండ్రే,” అన్నాడు సంపత్ నీరసంగా.

అవతల బాజాల మోత వినబడింది. “అయిపోయిందా మరి?”

“అయిపోయింది.”

“అయితె జల్దిన రా.”

వనిత ఫోను గుంజుకుంది. “మామా, ఇయ్యాల ఆయన రాడు. ఎవల పెండ్లైనా సరే, ఇయ్యాల నేను ఆయనను ఇడువ.”

“మరి ఫోటోలెవలు తీస్తరు బిడ్డా?”

వనిత మహిపాల్‌ను ఎగాదిగా చూసింది. సంపత్ మెడలోంచి కెమెరా తీసి అతని మెడలో, గొలుసు పక్కనే వేసింది.

ఆ సాయంత్రం మేడిపల్లిలో హల్దీ ఫోటోలు తీసినవాడు పేరు కూడా పలకకూడని ఓ రహస్య విభాగం మనిషని అక్కడ ఎవరికీ తెలియదు. అన్నీ వెలుతురు ఎక్కువై కాలిపోయాయనీ, పిల్ల ముక్కు తప్ప ఏమీ కనబడటం లేదనీ కిష్టయ్య మాత్రం ఇప్పటికీ ఊరంతా తిరిగి చెబుతున్నాడు.